విశ్రాంతి నెఱుగని విశ్రాంత ఇంజనీరు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

హైదరాబాదు పాతబస్తీకి ఉత్తరపు సరిహద్దుగా మూసీనది పాఱుచున్నది. పురానాపూలు మొదలుకొని చాదర్‌ఘాటు వరకు నడచి చూచినవారికి నదికి ఇరుప్రక్కల ఎత్తుగా కట్టిన రాతిగోడలు అక్కడక్కడ కానవచ్చును. దక్షిణపు గట్టున ఉన్నత న్యాయస్థాన భవనము, నగర కళాశాల, ఉత్తరపు గట్టున ఉస్మానియా వైద్యశాల, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము నిలిచియున్నవి. ఈ కట్టడములన్నియు 1908వ సంవత్సరపు వరదకు తరువాత వెలసినవే. వరదకు లోనైన నగరమునకు ఈ క్రొత్త రూపు కలుగుటకు కారకులైన వారిలో మొదట చెప్పవలసిన పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిది. ఆ పనిపై ఆయన ఈ నగరమున ఉన్నది ఏడు నెలలు మాత్రమే. అప్పటికే ఆయన బొంబాయి ప్రభుత్వపు కొలువు విడిచి పింఛను పుచ్చుకొన్నవారు.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు తెలుగువారు. ఆంధ్రదేశమున గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము వారి మూలస్థానము. ఆ గ్రామనామమే వారికి ఇంటిపేరయినది. ఏనాడో కుటుంబము మైసూరు సీమకు తరలిపోయి చిక్కబళ్లాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్లిలో స్థిరపడినది. అచ్చటనే సెప్టెంబరు 15వ తేదీన ఆయన జన్మించిరి. జన్మసంవత్సరమును కొందరు 1860 అనియు, పెక్కురు 1861 అనియు వ్రాయుచున్నారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, ఆస్తిపరులు కారు. తల్లి పేరు వేంకటలక్ష్మమ్మ. బాల్యముననే తండ్రి గతించుటచే చదువు భారము తల్లిమీదను, బెంగుళూరులోని మేనమామమీదను పడినది. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదువుకొను కాలమున ఆ బాలుడు ఒక కొడగు కుటుంబమువారి పిల్లలకు పాఠములు చెప్పి తన ఖర్చులు గడుపుకొనెను. 1881లో పట్టభద్రుడయ్యెను. పిమ్మట మైసూరు ప్రభుత్వమువారు విద్యార్థివేతన మిచ్చి పూనాలోని సైన్సు కళాశాలకు పంపిరి. 1883లో ఇంజనీరింగు పరీక్షలో బొంబాయి రాజధానిలో ప్రథమస్థానము పొందగా, మరుసటి యేడు ఆ ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరు పదవి లభించినది. పేదయింటి పిల్లవానికి ప్రభుత్వమిచ్చిన ఆ వేతనము ఎంతటి ఫలము నిచ్చినదో గుర్తుంచుకొనదగును. ముందు వచ్చు ఒక ప్రసంగములో దీని అవసరము కలదు.

బొంబాయి కొలువులో ఆయన చేసిన పనులు అనేకములు. సింధుదేశమున సక్కరు పట్టణమునకు నదినుండి మంచినీరు తెచ్చు పథకము, దక్కను కాలువల క్రింద నీటిని వంతులవారీగా పంచు విధానము, ఏడెను రేవునకు నీరు, మురుగునీటి పారుదల ఏర్పాటు మొదలగునవి అందు చేరును. వానిలో పూనా చెంతనున్న ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో అమర్చిన తలుపులు మిక్కిలి ప్రసిద్ధములు. ఆ జలాశయపు అలుగుమీదుగా ఏటేట వరదనీరు వృథాగా పోవుచుండెడిది. కట్టను ఎత్తు చేసినచో ఆ బరువును పాతగోడ మోయజాలదు. విశ్వేశ్వరయ్యగారు అలుగుమీద తమంతట తామే తెఱచుకొని మూసికొను తలుపులు అమర్చిరి. నీరు నిర్ణీతమట్టమునకు చేరువరకు తలుపు దానిని ఆపును. ఆ మట్టము దాటినంతనే నీటియొక్క బలముతోనే తలుపు తెఱచుకొనును. వరద తగ్గినచో మరల మూతపడును. కాపలా మనిషి అర్ధరాత్రి వానలో పరుగెత్తి పోవలసిన పని తప్పినది. ఆయన స్వభావము తెలియుటకు ఈ ఒక్క పని చాలును. నీటితో పోరాడుటకంటె దాని నడకను లెక్కగట్టి తెలిసికొని, ఆ నడకచేతనే పని చేయించుకొనుట ఆయన పద్ధతి.

ఇంతటి పనిమంతునకు ఆ శాఖలో అత్యున్నతమైన చీఫ్ ఇంజనీరు పదవి దక్కు ఆశ లేకపోయినది. ఆ రోజులలో అట్టి పదవులు ఆంగ్లేయులకే పోవుచుండెడివి. అది కనిపెట్టి 1908లో, పూర్తి పింఛనుకు కావలసిన సేవాకాలము ఇంకను నిండకమునుపే, ఆయన స్వచ్ఛందముగా పదవి విడిచిరి. అప్పటికి నలుబదియేడేండ్ల వయస్సు. ప్రభుత్వము ఆయన సేవ నెంచి పింఛను మంజూరు చేసెను. విశ్రాంత జీవితమును ఆయన ఐరోపా, అమెరికాఖండముల పర్యటనతో ప్రారంభించిరి. వినోదమునకు కాక ఆనకట్టలు, కర్మాగారములు, నగరనిర్మాణములు చూచుటకు ఆ పర్యటన.

ఆయన విదేశములందు ఉన్న సమయమున హైదరాబాదుపై పిడుగు పడినది.

మూసీనది వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలలో పుట్టి తూర్పునకు ప్రవహించుచు, నగరమునకు ఎగువన లంగర్‌హౌజు చెంత ఈసీ అను ఉపనదిని కలుపుకొనును. వేసవిలో పాయలుగా చీలి ఇసుకలో ఇంకిపోవు చిన్న యేఱు అది. దాని ఒడ్డున ఇండ్లు కట్టుకొనుటకు ఎవ్వరును భయపడలేదు. 1908 సెప్టెంబరు చివరివారమున పరీవాహక ప్రాంతమంతట కుంభవృష్టి కురిసినది. శంషాబాదులో ఇరువదినాలుగు గంటలలో సుమారు 13 అంగుళములు, నలుబదియెనిమిది గంటలలో సుమారు 19 అంగుళముల వర్షము నమోదయినది. 28వ తేదీ సోమవారమున నది నగరములో ప్రవేశించినది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగు, చాదర్‌ఘాటు వంతెనలు కొట్టుకొనిపోయినవి. కుతుబ్‌షాహీల కాలమున 1578లో కట్టిన పురానాపూలు మాత్రము గాయపడియు నిలిచినది. పాతబస్తీలో పేట్లబురుజుమీద తలదాచుకొన్న జనము, ఆ గోడ కూలుటతో ప్రవాహము పాలయినది. అఫ్జల్‌గంజ్ వైద్యశాల ఆవరణలో నున్న ఒక చింతచెట్టుమీదికెక్కి సుమారు నూటయేబది మంది బ్రతికిరి. నేడు ఉస్మానియా వైద్యశాల ఆవరణలో ఆ చెట్టు ఇంకను కలదు. మృతుల సంఖ్య పదునైదు వేలని సాధారణముగా చెప్పుదురు. కూలిన ఇండ్లు పందొమ్మిది వేలు. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను తన భవనముల ద్వారములు తెఱపించి నిరాశ్రయులకు అన్నశాలలు పెట్టించెను. ఆయన నది యొద్దకు వచ్చి గంగమ్మతల్లికి హారతి యిచ్చి, పట్టుచీర సమర్పించెనని పాతబస్తీలో నేటికిని చెప్పుకొందురు. అది నిజమో కథయో గాని, ప్రభువు తమ దుఃఖములో పాలుపంచుకొనెనని జనులు నమ్మిరనుటకు ఆ మాట నిలిచియుండుటయే సాక్ష్యము.

ఈ స్థితిలో నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారికి కబురు చేసినది. ఆయన తలపెట్టిన పర్యటన ముగించుకొని వచ్చి, 1909 ఏప్రిల్ 15వ తేదీన ప్రత్యేక సలహా ఇంజనీరుగా బాధ్యత స్వీకరించిరి. చేయవలసినవి మూడు: నగర పునర్నిర్మాణమునకు సలహా, ముందుముందు వరదలు రాకుండ ఉపాయము, మురుగునీటి పారుదలకు సంపూర్ణ పథకము.

సామాన్యముగా వరద వచ్చిన ఊరిలో అందఱును ఊరినే చూతురు. ఏ గోడ ఎంత ఎత్తు కట్టవలెను, ఏ వంతెన ఎంత వెడల్పు చేయవలెను అని యోచింతురు. విశ్వేశ్వరయ్యగారు ఊరిని విడిచి ఎగువకు పోయిరి. నగరమునకు పైనున్న పరీవాహక ప్రాంతము సుమారు 860 చదరపు మైళ్లు. ఆ ప్రదేశమంతయు కొలిపించి, వర్షపు లెక్కలు ప్రోగు చేయించి, చెరువులను ఒక్కటొక్కటిగా పరిశీలింపజేసిరి. పూర్వ రాజుల కాలమునుండియు రైతులు త్రవ్వుకొన్న చెరువులు అక్కడ 788 కలవని తేలినది. చదరపుమైలునకు దాదాపు ఒక చెరువు. వానిలో 221 చెరువులు ఆ వరదలో తెగిపోయినవి. ఒక చెరువుకట్ట తెగగా ఆ నీరు దిగువ చెరువును నింపి దానిని తెంపును. ఆ రెంటి నీరు మూడవదానిపై పడును. ఈ విధముగా గొలుసుకట్టు చెరువులు వరుసగా తెగుటచే వాననీటికి చెరువుల నీరు తోడై, మూసీలో సెకనుకు సుమారు 4 లక్షల 25 వేల ఘనపుటడుగుల ప్రవాహము పుట్టినదని ఆయన లెక్కగట్టిరి. హైదరాబాదు కడ నదీగర్భమునకు అంతనీటిని మోయు శక్తి లేదు. నగరము మునిగినది మూసీవలన మాత్రమే కాదు. వాన యొకటి, తెగిన చెరువులు మఱియొకటి.

రోగము ఎగువ నున్నప్పుడు మందును ఎగువనే వేయవలెను. 1909 అక్టోబరు 1వ తేదీన సమర్పించిన నివేదికలో ఆయన చెప్పిన ప్రధానోపాయము రెండు పెద్ద జలాశయములు. ఒకటి మూసీమీద నగరమునకు సుమారు ఎనిమిదిన్నర మైళ్ల ఎగువన, రెండవది ఈసీమీద సుమారు ఆఱున్నర మైళ్ల ఎగువన. వరదకాలమున వచ్చు నీటిని అవి పట్టియుంచి, నది భరింపగలిగినంత మాత్రమే కొంచెము కొంచెముగా క్రిందికి విడువవలెను. ఇందులో మర్మమొకటి కలదు. ఇట్టి జలాశయము ఎల్లప్పుడును నిండుగా నుండరాదు. వరద కొరకు కొంత చోటు ఖాళీగా ఉంచినప్పుడే అది వరదను ఆపగలదు. నిండిన కుండలో నీరు పోసినచో పొర్లకతప్పదు గదా. నగరములో నదిగట్లను ఎత్తుచేసి రాతిగోడలు కట్టుట, గట్లవెంట చెట్లతో కూడిన బాటలు, తోటలు ఏర్పఱచుట, భూమిలోపలి గొట్టములద్వారా మురుగును నగరము వెలుపలికి తీసికొనిపోవుట ఆ పథకమందలి తక్కిన భాగములు. పాతబస్తీ సందులలో ఇంటింటి మురుగు తెఱపి కాలువలవెంట, గుంటలలో నిలిచి, చివరకు మూసీలో కలియుచుండిన కాలమది. మశూచి, కలరా, ప్లేగు ఆ సందులకు చుట్టములవలె వచ్చిపోవుచుండెడివి. అందుచే మురుగు పథకమును ఆయన వరదపనికంటె తక్కువగా చూడలేదు.

ఈ కృషిలో ఆయనకు తోడ్పడిన స్థానిక ఇంజనీర్లలో మీర్ అహమ్మద్ అలీ అను యువకుడొకడు. హైదరాబాదులోనే 1877లో పుట్టి ఇంగ్లండులోని కూపర్సుహిల్లు కళాశాలలో ఇంజనీరింగు చదివినవాడు. ఆయనయే పిమ్మట నవాబ్ అలీ నవాజ్ జంగు బహద్దరుగా, నిజాము ప్రభుత్వపు చీఫ్ ఇంజనీరుగా ప్రసిద్ధికెక్కెను. మంజీరమీది నిజాంసాగరు ఆయన నిర్మాణము. విశ్వేశ్వరయ్యగారు వ్రాసియిచ్చినదానిని కార్యరూపమున పెట్టినవారు ఆయనయు, ఆయన తోడివారును. ఒకరిని స్మరించి మఱియొకరిని మఱచుట న్యాయము కాదు. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప ఆయన జన్మదినమైన జూలై 11ను రాష్ట్రమున ఇంజనీర్ల దినముగా జరుపుట మొదలైనది.

1911లో సింహాసనమెక్కిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఆ నివేదికను మూలకు వేయలేదు. 1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడినది. ఆరాయిష్-ఎ-బల్దా అని దానికి పేరు. ఇఱుకుసందులను విప్పి వీథులు వేసినది, పత్తర్‌గట్టీ రాతి దుకాణముల వరుసను కట్టించినది ఆ సంఘమే. మూసీమీది జలాశయము 1920లో పూర్తియై ఉస్మాన్‌సాగర్ అయినది. అది గండిపేట గ్రామము చెంత నుండుటచే జనులు గండిపేట చెరువందురు. ఈసీమీది హిమాయత్‌సాగర్ 1927లో పూర్తియైనది. వరదను ఆపుటకు కట్టిన ఈ రెండును నగరమునకు మంచినీటి కుండలు కూడ అయినవి. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడువడని పెద్దలు అనుచుందురు. ఆ తరువాత సంవత్సరములలో కూడ నిజాము ప్రభుత్వము మురుగు పారుదల, నగరాభివృద్ధి విషయములందు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహాలు పొందినది.

ఆ నివేదికలో మన కాలమువారు చదువుకొనవలసిన భాగము చెరువుల లెక్క. జలాశయముల ఎగువ ప్రాంతమును కాపాడుటకు 1996లో ప్రభుత్వము 111వ ఉత్తర్వు చేసి 84 గ్రామములలో నిర్మాణములపై ఆంక్షలు పెట్టినది. 2022లో ఆ ఆంక్షలు తొలగించుచు వేఱొక ఉత్తర్వు వచ్చినది. 2020 అక్టోబరులో పాతబస్తీ దక్షిణపు అంచున పల్లెచెరువు, గుఱ్ఱంచెరువు కట్టలు తెగి, వాని దిగువ కాలనీలలో ఇండ్లు మునిగినవి, మనుష్యులు కొట్టుకొనిపోయినారు. అవి గండిపేటకు ఎగువనున్న చెరువులు కావు. అయినను ఒక కట్ట తెగినచో దిగువ ఇంటికి ఏమగునో 1909లో లెక్కవేసి చూపినదే అక్కడ జరిగినది. 2025 సెప్టెంబరు చివరివారమున రెండు జలాశయముల తలుపులెత్తి నీరు విడువగా నదీతీరమందలి మహాత్మాగాంధీ బస్సు నిలయములోనికి మూసీ వచ్చినది. 1908 వరదతో దీనిని పోల్చరాదు. అయితే నదికి తన చోటు జ్ఞాపకముండును.

1909 నవంబరులో విశ్వేశ్వరయ్యగారు మైసూరు సంస్థానమునకు చీఫ్ ఇంజనీరుగా పోయిరి. 1912నుండి 1918వరకు అచ్చట దివాను. కావేరిమీది కృష్ణరాజసాగరము, మైసూరు బ్యాంకు, 1916లో స్థాపించిన మైసూరు విశ్వవిద్యాలయము, చందనతైలపు కర్మాగారము, కన్నడ సాహిత్య పరిషత్తు ఆ కాలపు పనులే. ఇవి సర్వవిదితములగుటచే ఇచ్చట విస్తరింపబనిలేదు. దివానుగిరి ముగిసిన తీరు మాత్రము వివరింపవలసియున్నది. వీరశైవులకు అది దూరపు ముచ్చట కాదు.

ఆ కాలమున మైసూరు సంస్థానపు పెద్ద ఉద్యోగములలో అత్యధికభాగము జనసంఖ్యలో అతిస్వల్పులైన బ్రాహ్మణుల చేతిలో నుండెను. లింగాయతులు, ఒక్కలిగులు, ముస్లిములు, తక్కిన వర్గములవారు తమకును భాగము కావలెనని కోరిరి. వీరశైవులలో విద్యావ్యాప్తికి అప్పటికే పూనిక పుట్టినది. హానగల్ కుమారస్వాములవారి చొరవతో 1904లో వీరశైవ మహాసభ వెలసియుండెను. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఈ కోరిక న్యాయమని తలచి 1918లో ప్రధాన న్యాయమూర్తి సర్ లెస్లీ మిల్లరు అధ్యక్షతన ఒక సమితిని నియమించిరి. ఏడేండ్లలోపల పై ఉద్యోగములలో కనీసము సగము, క్రింది ఉద్యోగములలో కనీసము మూడింట రెండు వంతులు వెనుకబడిన వర్గములకు దక్కవలెనని ఆ సమితి తరువాత సూచించినది. విశ్వేశ్వరయ్యగారు ఈ మార్గమునకు సమ్మతింపలేదు. ఉద్యోగమునకు యోగ్యతయే కొలత కావలెననియు, కొలత తగ్గినచో పాలన చెడుననియు ఆయన దృఢాభిప్రాయము. ప్రభువునకు, తనకు భేదము వచ్చినప్పుడు పదవిని పట్టుకొని వ్రేలాడక, 1918 చివర దివానుగిరి విడిచిరి.

ఆయనను ద్వేషబుద్ధి గలవాడనుట సత్యదూరము. ప్రాథమిక విద్యను నిర్బంధము చేయుటకు 1913లో శాసనము తెచ్చినది ఆయన పాలనయే. వెనుకబడిన వర్గముల పిల్లలకు విద్యార్థివేతనములు పెంచినదియు ఆయనయే. ముందు చదువు, పిమ్మట ఉద్యోగము అని ఆయన వరుస. కాని తరతరములుగా బడిగడప త్రొక్కనివారిని, తరతరములుగా చదివినవారిని ఒకే గీతమీద నిలిపి పరుగెత్తుడనుట సమానత్వమగునా? కచేరీలో తమవాడొకడును కానరాని రైతు, కొడుకును చదివించుటకు ఏ ఆశతో పూనుకొనును? తండ్రి లేని పిల్లవాడు ప్రభుత్వపు వేతనముతో పూనాకు పోయి ఇంతవాడైనాడు. సర్కారు చేయూత ఎంతపని చేయునో ఆయనకంటె తెలిసినవారెవరు? అయినను ఆ చేయూత కళాశాల వాకిటనే ఆగవలెనని ఆయన తలచిరి. మూసీవరదకు మూలమును నగరమున గాక ఎగువన వెదకిన ఆ చూపు, ఈ విషయమున ఎగువకు పోలేదనియే చెప్పవలసియున్నది. మైసూరు మహారాజుగారి నిర్ణయము సరియైనదని కాలము నిరూపించినది. తరువాత వచ్చిన వీరశైవ విద్యావంతుల తరములు అందుకు నిదర్శనము.

పదవి రెండవమారు విడిచిన పిదప ఆయన మఱి నాలుగు దశాబ్దములకు పైగా జీవించిరి. అందులో కూర్చున్న దినములు తక్కువ. నష్టములలో మునిగిన భద్రావతి ఇనుప కర్మాగారమును 1923నుండి కొన్ని యేండ్లు నడిపి ఒడ్డు చేర్చిరి. ఆ పనికి తమకు రావలసిన పైకమును తాము పుచ్చుకొనక, పనివిద్యలు నేర్పు సంస్థకు వినియోగింపుమని ప్రభుత్వమును కోరిరి. బెంగుళూరులోని జయచామరాజేంద్ర వృత్తివిద్యాలయము అట్లు పుట్టినది. కాయకము, దాసోహము అను మాటలు వినిన ఇండ్లవారికి ఇది అర్థము కానిది కాదు. 1934లో భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ కావలెనని పుస్తకము వ్రాసిరి. ప్రణాళిక యను మాట అప్పటికి మన దేశపు కచేరీలలో వినబడుట లేదు. 1937లో గాంధీమహాత్ముని కోరికపై ఒరిస్సా వరదలను పరిశీలించి నివేదిక యిచ్చిరి. అచ్చటను ఆయన చెప్పినది ఎగువన నీటిని ఆపుమనియే. మహానదిమీద హిరాకుడు ఆనకట్ట కట్టుటకు ఆ యోచన దారి చూపినది.

ఆయన వేషభాషలలో, వేళలలో క్రమము తప్పెడివారు కారు. తలపాగ, నిండుకోటు లేకుండ ఎవ్వరికిని దర్శనమిచ్చెడివారు కారు. ఆ కట్టుబాటు దగ్గఱివారికి ఒక్కొక్కప్పుడు కఠినముగా తోచియుండవచ్చును. 1951లో తమ పనిజీవితపు జ్ఞాపకములను గ్రంథముగా ప్రకటించిరి. అందు సొంతకుటుంబపు ముచ్చట్లు మిక్కిలి తక్కువ. పనులు, కొలతలు, తేదీలు ఎక్కువ. తొంబదియేండ్లు దాటిన పిదప, గంగానదిపై బీహారులో వంతెనకు తగిన తావు నిర్ణయించు సమితికి అధ్యక్షులై, నదివెంట తిరిగి స్థలములు చూచిరి. మొకామా కడ ఆ వంతెన వెలసినది. 1955లో భారతప్రభుత్వము భారతరత్న బిరుదముతో సత్కరించెను.

1962 ఏప్రిల్ మాసమున విశ్వేశ్వరయ్యగారు బెంగుళూరులో పరమపదించిరి. అప్పటికి పింఛను పుచ్చుకొని యేబదినాలుగు సంవత్సరములు. దేహమును ముద్దేనహళ్లికి తీసికొనిపోయి దహనము చేసిరి. ఆయన పుట్టిన యిల్లు, సమాధిస్థలము అచ్చటనే కలవు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను 1968నుండి దేశమంతట ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు. ఆ దినమునకు పదుమూడు రోజుల పిదప 28వ తేదీ వచ్చును; అది మూసీవరద దినము. ఏటేట ఆ దినమున హైదరాబాదులో కొందరు ఉస్మానియా వైద్యశాల ఆవరణలోని చింతచెట్టు క్రింద చేరి, 1908లో పోయినవారిని తలచుకొందురు.